ఆల్బం పేరు ‘సరే’

మా ఆయన ఆల్బం మే నెలాఖరులో, ఇక్కడి స్కూళ్లకి సెలవులిచ్చే వారంలో బయటికొచ్చింది. బయటికి రావడమంటే పెద్ద హడావిడేమీ జరగలేదు. మా అమ్మాయి జెమీమా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కి, “డాడీ, అయిపోయింది. ఇంక ఎవరైనా వినొచ్చు,” అంది. ఆయన సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నారు. చేతులు తుడుచుకుని వచ్చి, స్క్రీన్ వైపు కాసేపు చూసి, మళ్లీ వెళ్లి మిగిలిన గిన్నెలు కడిగారు.

ఆయన పేరు జోసఫ్. వారమంతా అమెరికాలో అరోరా అనే ఊళ్లోని మా ఇంట్లోంచే ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. ఆదివారం మా తెలుగు చర్చిలో గిటార్ వాయిస్తారు. శనివారం మధ్యాహ్నాలు ఫాక్స్ నది పక్కనున్న ఒక బార్‌లో బ్లూస్ అనే నల్లజాతివాళ్ల పాత సంగీతం వాయించేవాళ్లతో కలిసి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తారు. తాగరు. సోడాలో నిమ్మకాయ పిండించుకుని కూర్చుంటారు. బ్లూస్ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలిసింది తక్కువే. గిటారు ఒకే మాటని మళ్లీ మళ్లీ అడుగుతున్నట్టు, జవాబు రాకపోతే ఇంకోలా అడుగుతున్నట్టు ఉంటుందని మాత్రం మూసిన గది తలుపు ఇవతలి నుంచి వినీ వినీ తెలుసు.

అక్కడే వెండెల్ పరిచయమయ్యాడు. మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన నల్లజాతి పెద్దమనిషి. బేస్ గిటార్ వాయిస్తాడు. వెండెల్ ఇంటి బేస్‌మెంట్‌లో ఇద్దరూ చలికాలమంతా కూర్చుని, ఒక డ్రమ్మర్‌ని తోడు పెట్టుకుని ఈ ఆల్బం రికార్డ్ చేశారు. ఏడు పాటలు. పాటలంటే మాటలుండవు, గిటారే. అట్ట మీద సగం ఎత్తిన మా గరాజ్ తలుపు ఫొటో, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘సరే’ అని పేరు.

“ఇదేం పేరండీ?” అని నవ్వాను.

“ఏదో తోచింది,” అన్నారు.

అసలు ఆ రోజుల్లో నా ధ్యాస ఆల్బం మీద లేదు. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో మా తమ్ముడు ఉంటాడు. వాళ్లింటికి దగ్గర్లోని ఒక హాస్పిటల్ నుంచి ఏప్రిల్‌లో నాకు ఆఫర్ వచ్చింది. ఊపిరి అందని రోగులకి గొట్టాలూ యంత్రాలూ అమర్చి చూసుకునే పని నాది. ఆ డిపార్ట్‌మెంట్ మొత్తానికి మేనేజర్‌గా రమ్మన్నారు. ఇక్కడ నేను పని నేర్పిన పిల్లలే నాకు సూపర్‌వైజర్లయ్యారు. ఆ ఉత్తరం చూసుకున్న రోజు హాస్పిటల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఇంటికొచ్చి చెబితే ఆయన సరే అన్నారు. సెప్టెంబర్‌లో చేరాలి. అంచేత ఆ వేసవంతా మా ఇంట్లో ఒక పక్క అట్టపెట్టెలు, ఇంకో పక్క ఆల్బం మీద అభిప్రాయాలు.

మొదటి అభిప్రాయం మా చర్చి నళినిది. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ, మూడో పాట వింటే హాయిగా నిద్ర పట్టిందని చెప్పింది. అది పొగడ్తో కాదో తేలక ఆయన థ్యాంక్స్ చెప్పారు. ఆయన ఆఫీసులో ఒకతను కారులో పెట్టుకుని వింటూ స్పీడ్ పెంచి పోలీసుల చేత జరిమానా టికెట్ రాయించుకున్నాడట, అది మాత్రం నిజంగా పొగడ్తే అన్నాడట. మా తమ్ముడు ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి, నాలుగు నిమిషాలు విన్నానని, బావకి ఒంట్లో బాగానే ఉందా అని గొంతు తగ్గించి అడిగాడు.

బయటివాళ్ల అభిప్రాయాలు జెమీమా చదివి వినిపించేది. అప్పుడే కాలేజీ ముగించుకుని ఇంటికొచ్చింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. రాత్రి భోజనాల దగ్గర ఫోన్ పట్టుకుని, “డాడీ, ఇది విను. మెంఫిస్ నుంచి వన్ గై రాశాడు,” అని మొదలుపెట్టేది. మెంఫిస్ మనిషి రాసిందేమిటంటే, ఈ గిటారిస్టు చాలా శుభ్రంగా వాయిస్తాడు, ఒక్క స్వరం కూడా పక్కకి పోదు, చొక్కా టక్ చేసుకుని బొత్తాలన్నీ పెట్టుకుని వాయించినట్టుంది, బ్లూస్‌కి ఇంత మర్యాద పనికిరాదు అని. పోలెండ్ నుంచి ఒకామె, ఆఖరి పాటలోని బాధ వింటూ దిగాల్సిన చోట బస్సు దిగలేదని రాసింది. ఒకాయన గిటారుకి ఐదు నక్షత్రాలు, పాటలకి రెండు ఇచ్చాడు. ఇండియా వాళ్లకి బ్లూస్‌తో ఏం పని అని ఇంకొకడు ఒక్క వాక్యం రాసి పోయాడు. దాని కింద ఎవరెవరో చేరి మా సంగతి మరిచిపోయి వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు. ‘సరే’ అంటే చీర కాబోలని, ప్రతి పాటలోనూ ఆ చీర కట్టుకున్న ఆడమనిషి కోసం ఎదురుచూపు వినిపిస్తోందని ఒక ముసలాయన ఎంతో శ్రద్ధగా రాశాడు. ఆ రోజు ముగ్గురం అన్నం చల్లారేదాకా నవ్వాం.

తర్వాత తర్వాత ఆయన నవ్వడం తగ్గింది. జెమీమా చదవకముందే తనే ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. మర్యాద ఎక్కువైందని చదివిన వారం ఆంప్లిఫయర్ గట్టిగా పెట్టి, పక్కింటివాళ్లు తలుపు కొట్టేదాకా వాయించారు. రెండో పాట మరీ గోలగా ఉందని ఇంకెవరో రాస్తే, ఆ వారమంతా గదిలోంచి శబ్దమే వినబడలేదు.

జూన్ చివర్లో వెండెల్ తన ఆంప్లిఫయర్ పట్టుకెళ్లడానికి వచ్చాడు. మా ఆయన ఆఫీస్ కాల్‌లో ఉన్నారు. వాకిట్లోనే నిలబడి వెండెల్ నాతో చెప్పాడు, జోసఫ్ ఇప్పుడు ఎవరు ఆఖర్న రాస్తే వాళ్ల కోసం వాయిస్తున్నాడని. మరి ఆల్బం మీద మీ అభిప్రాయమేమిటని అడిగాను. ఆరు పాటలు ఒక మంచి గిటారిస్టువి, ఏడోది జోసఫ్‌ది అన్నాడు. మీరేమంటారని నన్నడిగాడు. ప్యాకింగ్ హడావిడిలో సరిగ్గా వినలేదన్నాను. అతను ఆంప్లిఫయర్ ఎత్తుకుని మెల్లగా కారు వైపు నడిచాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ కారులో ఏడో పాట పెట్టుకున్నాను. ఆల్బం పేరే ఆ పాట పేరు.

మొదట గిటారు చాలా తక్కువ స్థాయిలో ఒక మాట అంటుంది. అని వెనక్కి తగ్గుతుంది. వెండెల్ బేస్ నాలుగడుగులు నడుస్తుంది, గిటారు మళ్లీ అదే మాట, ఈసారి కొంచెం తేరుకుని. మళ్లీ తగ్గుతుంది. ఇలా ఎన్నిసార్లు తగ్గిందో. హాస్పిటల్ పార్కింగ్‌లో బండి ఆపేసరికి పాట సగానికి వచ్చింది. అక్కడ గిటారు ఇంక తగ్గలేదు. అదే మాటని పట్టుకుని, తీగ సాగినంత మేరా సాగదీసి, వదలకుండా, గొంతు బొంగురుపోయేలా అంది. ఎవరికీ వినబడకపోయినా ఫరవాలేదన్నట్టు అంది. చివరికి శాంతించడం లాంటిదేమీ లేదు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ మెంఫిస్ మనిషి మీద నాకు చెప్పలేనంత చిరాకేసింది. మర్యాదట. చెవులున్నాయా అతనికి? పోలెండ్ ఆమె బాధ అంది, మా తమ్ముడు జబ్బేమో అన్నాడు, చీర ముసలాయన విరహమన్నాడు. రోజూ మాట రాని రోగుల మధ్య పని చేసే మనిషిని నేను. గొంతులో గొట్టమున్నవాడు కళ్లతో ఏమంటున్నాడో చూసి చెప్పగలను. నేను విన్నది కోపం. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా మీద గొంతెత్తిన రోజు లేదు. కువైట్‌లో ఉద్యోగం వదిలి అమెరికా వెళ్దామంటే సరే అన్నారు. హ్యూస్టన్ నుంచి పియోరియా అంటే సరే అన్నారు, అక్కణ్నుంచి ఇక్కడికంటే సరే అన్నారు. ఆయన మాట చేతకాని మనిషి కాదు, నెమ్మదైన మనిషి అని అందరితో గర్వంగా చెప్పుకున్నాను. పార్కింగ్‌లో కూర్చుని ఆల్బం పేరు తలుచుకుంటే నవ్వు రాలేదు. ఆ రోజు డ్యూటీలో ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు.

అయినా వెంటనే అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం. అట్టపెట్టెలు సర్దుతూ కాలం గడిపాను.

జూలైలో పాస్టరు గారు, సంఘ పెద్ద విశ్వనాథం గారు మా ఇంటికి వచ్చారు. ముందు ప్రార్థన చేశారు. కాఫీలు ఇచ్చాను. టెక్సస్ ప్రయాణం గురించి, అక్కడి తెలుగు సంఘాల గురించి కాసేపు మాట్లాడారు. తర్వాత విశ్వనాథం గారు గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. మేము అరోరా వచ్చిన కొత్తలో మంచు తవ్వడానికి తన పార తెచ్చిచ్చిన మనిషి. ఆల్బం సంఘంలో కొందరికి అభ్యంతరంగా ఉందని, వాళ్ల పిల్లలు బార్‌లో తీసిన వీడియోలు చూస్తున్నారని చెప్పారు. తానూ ఆల్బం మొత్తం విన్నానన్నారు. “ఇందులో దేవుడికి చోటెక్కడుంది, జోసఫ్?” అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

పాస్టరు గారు కల్పించుకుని, మీరెలాగూ రెండు నెలల్లో వెళ్లిపోతున్నారు, అప్పటిదాకా ఆల్బం ఇంటర్నెట్‌లోంచి తీసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, చర్చిలో ఎప్పట్లాగే వాయించుకోవచ్చు అన్నారు. చాలా మృదువుగా అన్నారు.

“సరేనండి,” అన్నారు మా ఆయన.

జెమీమా మెట్ల మీద కూర్చుని వింటోంది. లేచి విసురుగా పైకి వెళ్లిపోయింది. వాళ్లు మళ్లీ ప్రార్థన చేసి, వందనాలు చెప్పి వెళ్లారు. నేను కప్పులు తీసి సింకులో పెట్టాను. ఆయన గరాజ్‌లోకి వెళ్లారు.

వెనకే వెళ్లాను. గరాజ్ తలుపు సగం తెరిచి ఉంది. బయట ఎండ మండిపోతోంది. అట్టపెట్టెల మధ్య ఒక స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టుకుని తీగలు తుడుస్తున్నారు.

“ఏడో పాటలో ఆ కోపం ఎవరి మీదండీ?” అన్నాను.

తలెత్తలేదు. “కోపమెక్కడుంది? అందరూ బాధంటున్నారుగా.”

“వాళ్లకి మీరు తెలియదు.”

గుడ్డతో ఒక్కో తీగా తుడుచుకుంటూ పోయారు. బయట ఎవరో లాన్ కోస్తున్న శబ్దం దగ్గరికొచ్చి దూరమైంది.

“కొంత నా మీద,” అన్నారు. “కొంత నీ మీద.”

భయపడ్డ మాట చెవిన పడింది. పెట్టె మీద కూర్చున్నాను. ఆయన మెల్లగా చెప్పారు. విజయవాడలో ఆర్కెస్ట్రాలో వాయించిన రోజులు సరే, అవి పోతే పోయాయి. కానీ హ్యూస్టన్‌లో కలిసి వాయించే నలుగురు స్నేహితులు దొరికారు, వదిలేశాను. పియోరియాలో మళ్లీ మొదలుపెట్టాను, అక్కడా వదిలేశాను. ఇక్కడ వెండెల్ దొరికాడు. ప్రతిసారీ నీకు మంచి జరుగుతోంది, నేను అడ్డం పడకూడదు అనుకునేవాణ్ని. అనుకుని సరే అనేవాణ్ని. ఆ పాట వాయిస్తున్నప్పుడు మాత్రం అలా అనుకోలేదు, అన్నారు.

“ఒక్కసారైనా నాతో అనలేదేం?”

“నువ్వడగలేదు.”

“మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?”

“అదే. అందుకే కొంత నా మీదా అన్నాను.”

తర్వాత అడిగాను. “టెక్సస్ రావాలని ఉందా మీకు?”

“నువ్వు వెళ్తానంటే వస్తాను.”

“నేనడిగింది అది కాదు.”

చాలాసేపు చేతిలో గుడ్డని మడతలు పెట్టారు, విప్పారు. “లేదు విమలా,” అన్నారు. “నాకు రావాలని లేదు.”

నేను లేచి లోపలికి వచ్చి, మూత వేయని పెట్టె ఒకటి కనిపిస్తే దానికి టేపు వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు.

ఆ తర్వాతి వారం మా ఇంట్లో మాటలు తక్కువ. నాకు ఆ ఉద్యోగం కావాలి. అది ఇప్పుడైనా దాచను. ఒక్కదాన్నే వెళ్లడం గురించి కూడా ఆలోచించాను, మా తమ్ముడు గది సిద్ధం చేస్తానన్నాడు. ఆయన కూడా ఒక సాయంత్రం, నువ్వు వెళ్లు, నేను నెలకోసారి వస్తాను అన్నారు. జెమీమా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మమ్మీ, మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుతున్నారు. అదే బిగ్ డీల్,” అంది. దాని దృష్టిలో అంతా బాగుపడిపోయింది. పిల్లలకి అలాగే ఉంటుంది.

ఆలోచించి ఆలోచించి, చివరికి టెక్సస్ వాళ్లకి రాలేనని చెప్పేశాను. అది త్యాగమని మా తమ్ముడి భార్య అంది. నేనొప్పుకోను. అక్కడ ఆ మేనేజర్ కుర్చీలో కూర్చున్న ప్రతి సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఈయన గొంతులో ఏముందో వెతుక్కోవడం నావల్ల కాదనిపించింది, అంతే. ఫోన్ పెట్టేశాక హాస్పిటల్ పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. ఆయన సంతోషించలేదు, థ్యాంక్స్ చెప్పలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

“నా మీద కోపంగా ఉందా?”

“చాలా.”

“చెప్పు.”

చెప్పాను. ఈ ఉద్యోగం గురించి మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్లాను. నైట్ డ్యూటీలు చేసి నేను నిలబెట్టిన ఇంటి గురించి, ఏ నిర్ణయమైనా నా నెత్తినే పెట్టి తను మంచివాడిగా మిగిలిపోవడం గురించి చెప్పాను. ఆయన ఒక్కచోట కూడా అడ్డు రాలేదు. ఒకటి రెండుచోట్ల ముఖం ఎర్రబడింది. అయ్యాక, “మంచివాడిగా మిగిలిపోవడం మాత్రం నిజం,” అన్నారు.

ఆ శనివారమే పాస్టరు గారికి ఫోన్ చేసి, ఆల్బం తీసెయ్యలేనని, చర్చిలో వాయించడం గురించి మీరేం నిర్ణయించినా బాధపడనని చెప్పారు. పాస్టరు గారు నిజంగానే బాధపడ్డారు. సంఘం పాటలకి ఒక కాలేజీ పిల్లని కీబోర్డ్ మీద కూర్చోబెట్టారు. మేము ఆ చర్చి మానలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆరాధనలో ఆయన నా పక్కన కూర్చున్నారు. పాడటం మొదలుపెడితే, ఆయన శృతి తప్పకుండా పాడతారని, కానీ మాటలు సగం తప్పు పాడతారని తెలిసింది. విశ్వనాథం గారు చేతులు కలిపారు కానీ ఎక్కువ మాట్లాడలేదు. ఆయన భార్య రాధారాణి గారు మాత్రం నన్ను వంటగది వైపు తీసుకెళ్లి, మీ ఆయన వాయించిన ఐదో పాట చారు కాచుకుంటూ రోజూ వింటున్నానని, విశ్వనాథం గారికి చెప్పొద్దని అన్నారు.

అభిప్రాయాలు రావడం ఆగస్టుకి పలచబడింది. మనుషులు వేరే ఆల్బంల మీద పోట్లాడుకోవడానికి వెళ్లిపోయారు. ఆయన ఫోన్ చూసుకోవడం మానలేదు గానీ, చూసి పక్కన పెట్టేవారు.

నెలాఖరు శనివారం నేను మొదటిసారి ఆ బార్‌కి వెళ్లాను. పట్టపగలు, కిటికీలోంచి నది కనిపిస్తోంది. నేననుకున్నంత చీకటి చోటేం కాదు. వెనక బల్ల దగ్గర కూర్చుని సోడా తెప్పించుకున్నాను. వెండెల్ నన్ను చూసి తల ఊపాడు. మా ఆయన నాకు తెలిసిన చొక్కాలోనే, నాకు తెలియని భంగిమలో, ఒక భుజం కిందికి వాల్చి నిలబడి వాయించారు. కొన్ని చాలా బాగున్నాయి. కొన్నిచోట్ల నాకు ఓపిక పోయింది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, బాగా వాయిస్తున్నాడు గానీ కాస్త ఎక్కువ వాయిస్తున్నాడు కదా అంది. నాకూ అలాగే అనిపిస్తోందన్నాను. ఆయన నా భర్త అని చెప్పలేదు. ఒక శ్రోత మాటగానే ఉండనిచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి నేను నడిపాను. గిటారు వెనక సీట్లో ఉంది. కాసేపటికి ఆయన అడిగారు, ఎలా ఉంది అని. ఆ వేసవంతా లోకంలో ప్రతివాళ్ల అభిప్రాయమూ విన్న మనిషి, నన్నడగడం అదే మొదలు.

“మొదటిది బాగుంది. రెండోదాంట్లో ఊపిరాడలేదు నాకు. అన్ని స్వరాలు దేనికండీ? మధ్యలో కాస్త ఆగొచ్చుగా.”

“అది ఆగే పాట కాదు.”

“ఆగితే ఏం పోయింది?”

“ఆగితే డ్రమ్స్ ఎక్కడ పడతాయి? నీకు తెలియదు విమలా, దాని నడకే అంత.”

“నాకు తెలియకపోతే నన్నెందుకడిగారు?”

“అడిగినంత మాత్రాన ఒప్పుకోవాలా?”

ఆర్చర్డ్ రోడ్ సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన నా వైపు తిరిగి, చేతులు గాల్లో పెట్టి, లేని గిటారు మీద ఆ రెండో పాట ఎక్కడ ఎందుకు ఆగకూడదో చూపించడం మొదలుపెట్టారు. నేను ఇక్కడ, ఇదిగో ఇక్కడ ఆగాలి అని ఆయన చేతిని పట్టుకుని ఆపాను. కాదన్నారు. అవునన్నాను. దీపం ఎప్పుడు పచ్చబడిందో ఇద్దరం చూడలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

“పోనీ,” అన్నారు ఆయన. “వాడు మనల్ని దాటుకుని పోతాడు. నువ్వు ముందు ఇది విను.”